తిమింగలం చెవిలో పురుగులు

"మేడమ్, పేలుళ్ళు మళ్ళీ మొదలుపెట్టనివ్వాలా, వద్దా? కంపెనీవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు!" ఫోన్ స్పీకర్‌లో రేవు అధికారి అరిచాడు.

చిట్టి శవపరీక్షలో మునిగి ఉంది. మోచేతుల దాకా నెత్తురు. షెడ్డు నేల మీద తిమింగలం తల. ఒడ్డున మరో నాలుగు కళేబరాలు ఉబ్బిపోతున్నాయి. మిగతా మంద ఇంకా రేవు నీళ్ళలోనే తిరుగుతోంది. రేవు లోతు పెంచడానికి సముద్రం అడుగున రాళ్ళు మళ్ళీ పేలిస్తే వాటికీ ఇదే గతి. కానీ ఇవి చెవుల్లో పురుగులు పడి దారి తప్పి చచ్చాయని ఆమె తేల్చిందంటే, ఇక పేలుళ్ళకి అడ్డేముంది?

పురుగులైతే ఉన్నాయి. గుప్పెడు.

"ఇంకా ఏం చూస్తావే? కళ్ళకి కనబడుతుంటే!" గుమ్మానికి ఆనుకుని అన్నాడు మామయ్య. ల్యాబ్ ఆయనది. చిట్టికి పని నేర్పిందీ ఆయనే. ఇవాళ ఆమె వచ్చేలోగా చెవి తెరిచి ఉంచిందీ ఆయనే.

"చెవి పురుగులే మామయ్యా. జాతి అదే."

"మరింకేం? సంతకం పడెయ్. ఈ కంపుతో వెళ్తే మీ అత్త మనిద్దర్నీ గుమ్మం తొక్కనివ్వదు."

నవ్వబోయి ఆగింది. పట్టకారుతో ఎత్తిన పురుగు పుల్లలా నిటారుగా నిలిచింది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

చల్లారిన శవంలో చచ్చిన పురుగు మెత్తబడి వంకర్లు తిరిగి ఉంటుంది. ఇలా బిర్రుగా సాగాలంటే ప్రాణం ఉండగానే వేడి స్పిరిట్‌లో వెయ్యాలి. కొలవడానికి వీలని మామయ్య పట్టుబట్టి పెట్టిన పద్ధతి అది. అలా చేసేది ఈ ల్యాబ్‌లో వాళ్ళిద్దరే.

పురుగుల్ని పక్కకి నెట్టింది. కింద ఎముక చుట్టూ నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది. పేలుడు దెబ్బ.

"ఇవి మన నమూనాల సీసాలోవి," అంది మెల్లగా. "స్పిరిట్ వాసన పోయేలా బాగానే కడిగావు."

మామయ్య గుమ్మం వదిలి దగ్గరికొచ్చాడు. "ఈ ల్యాబ్ నడిచేదే ఆ కంపెనీ డబ్బుతో. రేపు మనిద్దరం రోడ్డున పడతాం. చచ్చినవి ఎలాగూ చచ్చాయి కదే!"

"బతికున్నవి ఉన్నాయిగా."

"మేడమ్, ఏం మాట్లాడుకుంటున్నారు? నాకు సరిగ్గా వినబడ్డంలేదు!"

మామయ్య ఫోన్ కోసం చెయ్యి చాచాడు. చిట్టి ముందే అందుకుంది. నెత్తుటి వేళ్ళ మధ్య అది జారబోయింది.

"పేలుళ్ళు మొదలుపెట్టనివ్వకండి. ఇవి పురుగుల వల్ల చావలేదు. ఆ పురుగుల్ని ఎవరో తెచ్చి చెవిలో పెట్టారు."

"పెట్టారా? ఎవరు?"

"చిట్టీ... వద్దమ్మా."

ఆయన కళ్ళలోకి చూస్తూనే చెప్పింది.

"మా మామయ్య."