పడుకుంటే గానీ తేలని మీటింగు

పరుపుల కొట్టు వాళ్ళ ట్రస్టు మీటింగు ఎలా జరుగుతుందో చెబితే, చూడనివాళ్ళు నమ్మరు. పొడుగాటి బల్ల ఉండదు, చుట్టూ కుర్చీలుండవు, మధ్యలో నీళ్ళ సీసాలుండవు. నలుగురు ట్రస్టీలూ షోరూములో చెప్పులు విప్పి, తలా ఒక మంచం ఎక్కి, వెల్లకిలా పడుకుని, పైకప్పు కేసి చూస్తూ మాట్లాడుకుంటారు. కోపం వచ్చి దిగ్గున లేచి కూర్చుందామన్నా, స్ప్రింగుల పరుపు మీద ఆ పని అంత సులువు కాదు. అందుకేనేమో వాళ్ళలో గొడవలు తక్కువ.

ఈ పద్ధతి పెట్టింది కొట్టు పెట్టిన పెద్దాయనే. తను పడుకోని పరుపు ఇంకొకరికి అమ్మకూడదు, ఊరికే ఇచ్చేదైతే అసలే ఇవ్వకూడదు అనేవాడు. ట్రస్టు పెట్టినప్పుడు దానికీ అదే రూలు రాయించాడు. దాంతో పాటు ఇంకొకటి: ఏ పనికైనా నలుగురూ ఊ కొట్టాలి. కాదనేవాళ్ళు మాత్రం నోటితో కాదంటే చాలదు. అవతలివాళ్ళు ఇప్పుడు ఎక్కడ, ఎలా పడుకుంటున్నారో అలాగే ఓ పూట పడుకుని, లేచాక కాదనాలి.

ఆయన పోయాక ఛైర్మన్ పని కూతురి మీద పడింది. నలభై దాటింది, కాలేజీకెళ్ళే పిల్లలున్నారు, అయినా కొట్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె పాపే. మిగతా ముగ్గురు ట్రస్టీల్లో ఒకరు మేనత్త, ఒకరు బాబాయి, ఇంకొకరు వకీలుగారు. మేనత్త అందరికంటే పెద్దది, ఎవర్నైనా ఒరేయ్ అనగల అధికారం ఆవిడొక్కదానికే ఉంది. వకీలుగారు మంచం ఎక్కినా నల్ల కోటు విప్పరు. ఇక బాబాయి. ఆయన వయసంతా ఆ షోరూములో పరుపులు అమ్మడంలోనే గడిచింది. గడప తొక్కినవాణ్ణి ఉత్త చేతులతో పంపిన పాపాన పోలేదు. పట్టిన పట్టు వదిలే రకమూ కాదు.

ఆ రోజు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది పెద్దాసుపత్రి హెడ్ నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా ఇటే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

“రోగికి మంచం ఇస్తామండీ. కూడా వచ్చినవాళ్ళకి ఏమీ ఇవ్వం. వాళ్ళు వరండాలో పడుకుంటారు. చేతిసంచీ తలకింద, చెప్పులు చంకలో. ట్రాలీ వస్తే లేవాలి, తుడిచేవాళ్ళొస్తే లేవాలి, పేరు పిలిస్తే లేవాలి. పొద్దున్న నేను మందులెలా వెయ్యాలో చెబుతుంటే, నా మొహంలోకి చూస్తూ చూస్తూనే కళ్ళు మూతలు పడిపోతాయి వాళ్ళకి.”

ఆమె అడిగేది ఒక్కటే. ఆసుపత్రి ఎదురుగా మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు హాలు ఉంది. అది ట్రస్టు తీసుకుని, నిండా మంచాలు వేయించాలి. రోగుల తాలూకువాళ్ళు వంతులవారీగా వచ్చి కాస్త కునుకు తీస్తారు. హాలు ఓనరు ఇన్నాళ్ళూ ఆమె మొహం చూసి ఆగాడు. ఇవాళ సాయంత్రంలోగా మాట చెప్పకపోతే టైర్ల గోడౌనుకిచ్చేస్తాడు.

“ఆ చుట్టుపక్కల ఇంకో చోటు లేదండీ. కాళ్ళరిగేలా తిరిగాను,” అంది.

మేనత్త పడుకున్న చోటినుంచే ఊ కొట్టింది. వకీలుగారూ ఊ కొట్టారు. పాపకైతే ఎప్పుడెప్పుడు ఊ అందామా అని ఉంది. ఛైర్మన్ అయ్యాక ఆమె చేతుల మీదుగా జరగబోయే మొదటి పని ఇదే. నాన్న ఉంటే చెప్పులు తొడుక్కుని ఈపాటికి హాలు దగ్గరుండేవాడని కూడా ఆమెకు తెలుసు.

బాబాయి ఊ అనలేదు.

“రెండ్రోజులు నేల మీద పడుకుంటే ఎవరూ అరిగిపోరమ్మా. మా అన్నయ్యా నేనూ ఇదే కొట్లో నేల మీద పడుకుని పెద్దవాళ్ళమయ్యాం. మంచాలకేం, ఎప్పుడైనా ఇవ్వచ్చు. ముందు ఆ నాలుగు రోడ్ల కూడలిలో గడియార స్తంభం కట్టాలి. నాలుగు వైపులా అన్నయ్య పేరుండాలి. టైము చూసుకున్న ప్రతివాడూ ఆయన్ని తలుచుకోవాలి.”

ఆ స్తంభం మాట ఏడాదిగా వింటున్నదే. అన్నయ్య అంటే బాబాయికి ప్రాణం, ఆ ప్రాణం పోయాక ఆయన పేరున ఏదో ఒకటి నిలబెడితే గానీ ఆయనకి ఊపిరాడదు. అది పాపకి అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన హాలు ఆగదు కదా.

సరిగ్గా అప్పుడు పాప ఓ పని చేసింది. పరుపులు అమ్ముకునే ఇంట్లో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని. మాట ముందుకు సాగనప్పుడు సరుకు చూపించాలన్నది ఆ ఇంటి రక్తంలో ఉంది. లేచి వెళ్ళి, నర్సు చెయ్యి పట్టుకుని, కొట్లో అన్నిటికంటే మంచి పరుపు దగ్గరికి తీసుకెళ్ళింది.

“హాల్లోకి ఎలాంటివైతే బావుంటాయో మీరే చెప్పాలి. దీనిమీద పడుకుని చూడండి. పడుకునే బాబాయికి వివరంగా చెప్పండి.”

నర్సు మొహమాటపడుతూ పడుకుంది.

“బావుందండీ,” అంది. “వరండాలో వాళ్ళకి ఇంత మంచిది కాకపోయినా…”

అంతే. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. రాత్రంతా మేలుకున్న మనిషి, తలగడ తగలగానే బండరాయిలా నిద్రపోయింది.

పాప నాలిక్కరుచుకుంది. నర్సుని లేపడానికి వీల్లేదు. చూడ్డానికొచ్చి పరుపు మీద నిద్రపోయిన మనిషిని లేపడమంటే ఆ కొట్లో మహాపాపం. అలా ఎవరికైనా కన్నంటుకుందంటే సేల్స్‌వాళ్ళు దాన్ని ఘనకార్యంగా చెప్పుకుంటారు, దీపాలు తగ్గిస్తారు, బిల్లు కొట్టే మిషను కూడా ఆపేస్తారు. ఇప్పుడూ అదే జరిగింది. ఎవరూ చెప్పకుండానే ఒకమ్మాయి వెళ్ళి దీపాలార్పింది. ఇంకొకతను గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాబోయేవాళ్ళని చేతులు జోడించి ఆపాడు. కొట్టంతా కిక్కురుమనలేదు.

“సాయంత్రమైతే హాలు పోతుంది,” అని గుసగుసలాడింది పాప. “ఓనరెవరో కూడా మనకి తెలీదు. అంతా నావల్లే వచ్చింది అత్తా.”

మేనత్త ఆ మాట వినిపించుకోలేదు. మంచం దిగి, నడుము మీద చెయ్యేసుకుని, తమ్ముడి ఎదురుగా నిలబడింది.

“ఒరేయ్, నువ్వు కాదన్నావా లేదా?”

“అన్నాను.”

“అయితే దిగు.”

రూలు రూలే. బాబాయి మంచం దిగి గచ్చు మీద పడుకున్నాడు. వకీలుగారు ఆయన తలకింద తన చేతిసంచీ పెట్టారు. మేనత్త ఆయన చెప్పులు తెచ్చి చంకలో దూర్చింది. “ఇదేమన్నా బ్రహ్మవిద్యా,” అని బాబాయి దర్జాగా కళ్ళు మూసుకున్నాడు. ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు. వకీలుగారు పరుపులు మోసే తోపుడు బండి తెచ్చి, “ట్రాలీ, ట్రాలీ, జరగండి,” అని ఆయన చెవిలో గొణిగారు. జరిగాడు. మళ్ళీ కన్నంటుకోబోతుండగా, మేనత్త తడిగుడ్డతో గచ్చు తుడుస్తూ ఆయన పాదాల దాకా వచ్చింది. లేచాడు. ఈసారి గోడవారగా ముడుచుకున్నాడు. కాసేపటికి మేనత్త వంగి, “ఫలానావాళ్ళ తాలూకు ఎవరండీ, డాక్టరుగారు పిలుస్తున్నారు,” అంది. ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఒక చెప్పు చంకలోంచి జారి ఎటో పోయింది.

సేల్స్ అమ్మాయిలు నోటికి కొంగులడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు. పాపకీ నవ్వొస్తోంది, కానీ చూపు గోడ గడియారం మీంచి కదలడం లేదు. కిటికీ అద్దాల మీద ఎండ పసుపు రంగులోకి దిగుతోంది. నర్సు పక్కకు తిరిగి హాయిగా నిద్రపోతోంది.

ఇంతలో నర్సు బ్యాగులో ఫోను మోగింది.

నిశ్శబ్దంగా ఉన్న కొట్లో ఆ మోత అంతా ఇంతా కాదు. అందరికంటే దగ్గర్లో ఉన్నది నేల మీదున్న బాబాయే. ఆ వయసు మనిషి అలా ఎగిరి లేవగలడని ఎవరూ అనుకోలేదు. ఫోను కోసం వెతికే ఓపిక లేక, బ్యాగుకి బ్యాగే గుండెలకి హత్తుకుని, చంకలో మిగిలిన ఒంటి చెప్పుతో, తలుపు తోసుకుని వీధిలోకి పరిగెత్తాడు. దారిన పోయేవాళ్ళు దొంగేమోనని ఆగి చూశారు.

పాప అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడింది. బయట బాబాయి ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఒక్క ముక్కా వినపడదు. తల అడ్డంగా ఊపాడు. ఆయనింకా ఊ అనలేదు. కాదనే హక్కు ఇప్పుడాయనకి పూర్తిగా ఉంది, నేల మీద పడుకుని మరీ సంపాదించుకున్నాడు. బ్యాగు చంకలో పెట్టుకుని చెయ్యి తిప్పాడు. కాసేపు విన్నాడు. మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

ఆయన లోపలికొచ్చేసరికి నర్సు లేచి కూర్చుని ఉంది. చీకటి పడుతున్న కిటికీ చూసి ఆమె మొహం పాలిపోయింది.

“అయ్యో, నేనేంటి ఇలా… ఆయన ఫోన్ చేస్తానన్నాడు. హాలు ఇచ్చేసుంటాడండీ.”

“ఇచ్చేశాడమ్మా,” అన్నాడు బాబాయి, బ్యాగు ఆమె ఒళ్ళో పెడుతూ. “మనకే ఇచ్చాడు. నీ ఫోను అడక్కుండా ఎత్తాను, ఏమనుకోకు. టైర్లవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారట, బేరమాడాడు. నేను మాత్రం వదుల్తానా? నడుం నెప్పితో చస్తున్నానన్నాడు మాటల్లో. రేపు కొట్టుకి రండి, చూద్దామన్నాను. ఆ మాటతో మెత్తబడ్డాడు.”

నర్సు ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో ఆమెకే తెలీలేదు. మేనత్త ఆమె వీపు నిమిరింది. పాప మాత్రం బాబాయినే చూస్తోంది.

“మరి గడియార స్తంభం, బాబాయ్?”

ఆయన మంచం అంచున కూర్చుని, దొరికిన చెప్పు తొడుక్కున్నాడు.

“అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మనకి వేరే గది ఇచ్చారు. నాకు సోఫా ఉండేది. పొద్దున్నే టీకి వెళ్ళాలంటే వరండా దాటాలి. పడుకున్నవాళ్ళ మీద కాలు పడకుండా చూసుకుంటూ దాటేవాణ్ణి పాపా. ఒక్క మొహమైనా గుర్తు లేదు నాకు. ఇందాక వకీలుగారు నన్ను దాటుకుంటూ బండి తోశారు చూడు, అప్పుడు తెలిసింది.” తల ఎత్తాడు. “ఊ. నాది కూడా ఊ అని రాసుకో.”

పాప ఏమీ రాసుకోలేదు. వెళ్ళి బాబాయిని గట్టిగా పట్టుకుంది. ఆయనకి నడుం పట్టేసి ఉందని అప్పుడే తెలిసింది, పాపం, కెవ్వుమన్నాడు.

తర్వాత పనులు చకచకా సాగాయి. ప్రెస్సు హాలు గోడల మీది సిరా మరకలు ఎంత తోమినా పోలేదు, సున్నంతో కప్పేశారు. మంచాలు బారులు తీరాయి. తెరిచిన రోజు ఉపన్యాసాలు వద్దని పాప ముందే చెప్పింది, వకీలుగారు జేబులో తెచ్చుకున్నదేదో జేబులోనే ఉంచుకున్నారు. బాబాయి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దుటినుంచీ తలుపు దగ్గరే నిలబడ్డాడు, కొత్త కొట్టు తెరిచినట్టు.

మొదట వచ్చింది ఒకావిడ. భర్తకి ఆపరేషనైందట. నర్సు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం చూపిస్తే, ఆవిడ దాని పక్కన నేల మీద కూర్చుంది.

“నీకేనమ్మా, పైన పడుకో,” అంది నర్సు.

“ఫర్లేదండీ, ఇక్కడ బానే ఉంది.”

ఎంత చెప్పినా మంచం అంచున కూర్చోవడం దాకానే వచ్చింది. పరుపు నలుగుతుందేమో అన్నట్టు ఒదిగి కూర్చుంది. చూసి చూసి బాబాయి దగ్గరికొచ్చాడు. వయసంతా చేసిన పనే చేశాడు.

“పడుకుని చూడండమ్మా. కుడిపక్కకోసారి, ఎడమపక్కకోసారి తిరగండి. నడుముకెలా ఉందో నాకు చెప్పాలి మీరు.”

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చేతులు కట్టుకుని, కొనడానికొచ్చిన మనిషి ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆవిడ మెల్లిగా పడుకుంది. కుడికి తిరిగింది. ఎడమకి తిరిగింది. కాసేపు పైకప్పు చూసింది.

“ఏమీ అనుకోకండి,” అంది చివరికి. “కాస్త మరీ మెత్తగా ఉందండీ. నాకు గట్టిదైతేనే పడుతుంది.”

నర్సు గతుక్కుమంది. వకీలుగారు గొంతు సవరించుకున్నారు. పాపకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ట్రస్టు దుప్పట్లిచ్చింది, బొంతలిచ్చింది. తీసుకున్నవాళ్ళంతా చేతులు జోడించారు, చల్లగా ఉండమన్నారు. ఇది నాకు సరిపోలేదు, ఇంకోటి చూపించండి అన్నవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

బాబాయి మొహం చేటంతైంది.

“గట్టిదుందమ్మా, బండిలోనే ఉంది, ఇప్పుడే తెస్తా,” అంటూ వీధిలోకి పరిగెత్తాడు. ఆయనా వకీలుగారూ చెరోవైపు పట్టుకుని, ఆయాసపడుతూ తెచ్చి, మెత్తది తీసి గట్టిది వేశారు. ఆవిడ పక్కన నిలబడి చూసింది.

“ఆ మూల సరిగ్గా కూర్చోలేదండీ,” అంది.

బాబాయి వంగి మూల సర్దాడు.