మసకబారని బల్బు

మంచిర్యాల ఫ్యాక్టరీలో కరెంటు కొలిమి నడిచినంతసేపు కాలనీ బల్బులు మసకబారేవి. వెలుగు మళ్లీ పుంజుకుందంటే ఇనుము కరిగింది, కొలిమి పనివాడు సిద్దిరాములు ఇంటికి బయలుదేరాడని అర్థం. ఇరవై ఏళ్లుగా అతని భార్య ఐలవ్వ ఆ వెలుగు చూసే అన్నానికి ఎసరు పెట్టేది.

ఇప్పుడు ఇనుప రాయిని మందునీళ్లలో నానబెట్టి ఇనుము తీసే కొత్త యంత్రం వచ్చింది. కొలిమి ఆపేశారు. సిద్దిరాములు పగలే వచ్చి గడపలో కూలబడ్డాడు.

"సగం కరెంటే గుంజుతదంటే నమ్మలేదే. మీటరు నేనే చూసిన. నిజమే."

"మంచిదే గదయ్యా. మరి నీ పని?"

"గా యంత్రానికి ఇద్దరు చాలట. నలభై మందిమి ఇంటికే."

పొద్దుగూకింది. బల్బు నిండుగా వెలుగుతోంది.

"ఆకలైతుంది, బువ్వ వండవా?" అన్నాడు.

ఐలవ్వ బల్బు మీది నుంచి కళ్లు తిప్పలేదు.

"జర ఆగు. ఇంకా మసకబారనే లే."