ఈ కేసు ఎవరిది?

ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పొద్దున రౌండ్స్‌కి ముందు డాక్టర్లంతా అద్దం దగ్గర చేరి ఒంటి మీద కుట్లు చూసుకుంటారు. పేషెంటుకి ఎక్కడ కుట్టు వేస్తే, వేసినవాళ్ళ ఒంటి మీద కూడా అక్కడే గీత తేలుతుంది. అక్కడ మానితే ఇక్కడా మానుతుంది. రెండో ఏడాది శిక్షణలో ఉన్న అమ్మాయి ఇంటికెళ్తే వాళ్ళమ్మ ముందు గడ్డం పట్టుకుని చూస్తుంది.

"మళ్ళీ పెదవి కేసా? అక్క పెళ్ళి ఫొటోలయ్యేదాకైనా మొహం కేసులు ఒప్పుకోకే తల్లీ!"

చీఫ్ ఎడమ గ్లవ్‌లో బొటనవేలు సగం దగ్గర ముడేసి ఉంటుంది. ఎందుకని కొత్తవాళ్ళు కూడా అడగరు.

కేసు చేతులు మారితే గీతా మారుతుంది. రౌండ్స్‌లో ఒకరు "ఈ కేసు నీది" అనాలి, ఇంకొకరు "నాదే" అనాలి, అంతే. శిక్షణ ముగించుకుని వెళ్ళిపోతున్న సీనియర్ ఆ పొద్దున ఒక వడ్రంగి మంచం దగ్గర ఆగింది. రంపానికి తెగిపోయిన అతని ఎడమ బొటనవేలిని అతికించింది తనే.

"ఈ కేసు నీది చెల్లీ. డ్రెస్సింగ్ మార్చుకుంటే చాలు."

"నాదే అక్కా," అంది అమ్మాయి మురిసిపోతూ.

సీనియర్ జేబులోంచి ఎడమ చెయ్యి బయటికి తీసి, బొటనవేలు ఒకసారి ఆడించి చూసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చేతులు కడుక్కుంటుంటే అమ్మాయి ఎడమ బొటనవేలికి వేడినీళ్ళు తెలియలేదు. గోరు కింద నీలం. పరుగున సీనియర్ గదికెళ్తే చుట్టేసిన పరుపు, తెరిచిన కిటికీ. వరండాలో మొదటి ఏడాది అమ్మాయి ఎదురొచ్చింది.

"అక్కా, ఆ వడ్రంగి కేసు నాకివ్వవా? చేతి కేసు ఒక్కటీ చెయ్యలేదు నేను."

"సాయంత్రం రౌండ్స్‌లో చూద్దాంలే," అని ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంది. పెట్టుకున్నందుకు సిగ్గేసింది, అయినా తియ్యలేదు. వార్డు వైపు కూడా వెళ్ళలేదు.

సాయంత్రం అందరూ మంచం చుట్టూ చేరారు. వడ్రంగి మెల్లగా అడిగాడు.

"డాక్టరమ్మా, వేలు పొద్దుట్నుంచి మొద్దుబారింది. మళ్ళీ ఉలి పడతానంటారా?"

"ఈ కేసు ఎవరిది?" అన్నాడు చీఫ్. చూపు మాత్రం అమ్మాయి జేబు మీదే ఉంది.

మొదటి ఏడాది అమ్మాయి ఆశగా ముందుకొచ్చింది. ఆమె ఎడమ చేతికి గోరంత గీత కూడా లేదు. 'నీది' అనడానికి రెండో ఏడాది అమ్మాయి నోరు తెరిచింది.

"నాదే సార్," అంది. "కుట్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడే విప్పాలి."

కట్టు విప్పి, కత్తెరతో ఒక్కో ముడీ తెంపింది. నల్లటి రక్తం కారింది. కాసేపటికి కణుపు దాకా ఎరుపు తిరిగింది, ఇద్దరికీ. ఆ పైన తిరగలేదు.

"పర్లేదమ్మా, ఉలికి సగం చాల్లే," అన్నాడు వడ్రంగి. అమ్మాయి అక్కడే నిలబడి ఏడ్చేసింది.

ఆమె మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కొచ్చిన రోజు చీఫ్ తన డబ్బాలోంచి ఒక జత గ్లవ్స్ తీసిచ్చాడు. ఎడమ బొటనవేలికి సగంలో ముడేసి ఉంది.

"నేనూ ఒక్క పూటే జేబులో పెట్టుకున్నానమ్మా," అన్నాడు.