తొమ్మిది చుట్ల ఉక్కుగొట్టము

చైత్రము గడచి వైశాఖము ప్రవేశించిన యా దినములలో భువనగిరి ప్రాంతమున సూర్యుడు ఉదయించుచునే మధ్యాహ్నపు వేడిమిని వెంటబెట్టుకొని వచ్చుచుండెను. రాతిగుట్టలు రేయెల్ల త్రాగిన చల్లదనమును గడియసేపటిలో కక్కివేయుచుండ, నీరింకి నెఱియలు వాఱిన చెఱువుగర్భము మీదుగా వీచు వడగాలి తాటివనమున జొచ్చి ఎండుకమ్మలను గలగలలాడించుచుండెను. ఆ వనమున గీసిన గెలల కొనలనుండి రాత్రియెల్ల చుక్కచుక్కగా స్రవించి సున్నము పూసిన కుండలలో నిండిన నీరా, తెల్లవాఱునప్పటికి చెఱకుపాలవలె తీయనై యుండి, పొద్దు బారెడెక్కినంతనే నురుగు గట్టి పులియ మొదలిడుచుండెను. తీయని నీరాకును పుల్లని కల్లునకును నడుమనున్న కాలమెంత యల్పమో గీతవృత్తిలో పుట్టి పెరిగిన వారికి దెలిసినంతగా నితరులకు దెలియదు.

అట్టివారిలో నొకడు రాయినిగూడెపు వీరస్వామిగౌడు. ముప్పదియైదు వత్సరములు మోకు నడుమున జుట్టి తాళ్లెక్కిన యా దృఢకాయుని మోకాళ్లు ఏబదియవ యేట మొరాయించెను. ఇక చెట్టెక్కరాదని వైద్యుడు చెప్పిన నాటినుండి బావమఱిది చెట్లు గీయుచుండగా తాను క్రిందనుండి కుండలందుకొనుచు, పెద్దబాట ప్రక్కన బస్సులాగు చోట నీరా దుకాణము పెట్టవలెనని తలచి ఆబ్కారీవారికి దరఖాస్తు పెట్టుకొనెను. వారి నిబంధన యొక్కటే. అధికారిణి పది గంటలకు వచ్చి రుచి చూచును. అప్పటికి నీరా చల్లగా తీయగా నుండవలెను. పులిసినచో అది కల్లు, అనుమతి లేదు. అనుమతి రానినాడు వీరస్వామికి పట్టణమున ఏ గోదాము వాకిటనో కాపలా కూర్చుండుట తప్ప వేఱు గతి లేకుండెను. చెట్టుమీదినుండి పది యూళ్లను జూచిన వాడు గేటుచెంత కుర్చీలో గూరుచుండుటను తలచుకొనినప్పుడెల్ల వాని గుండె బరువెక్కుచుండెను.

చల్లబఱచు యంత్రములు కొనదగిన వెలకు దొరకవని తెలిసికొని, మంచుపెట్టెలో గొట్టమును చుట్టగా నమర్చి, పైనున్న క్యానునుండి నీరాను దానిగుండ బాఱించి, క్రింది నల్లాలో పట్టుకొను పరికరమును తానే చేయనిశ్చయించి యతడు సికింద్రాబాదు రాణిగంజునకు బోయెను. అచ్చట గొట్టముల దుకాణపు ఖాదర్‌ సేటు, నెఱసిన గడ్డమును దువ్వుకొనుచు, ఇతని మాటలన్నియు నోపికగా వినెను. వీరస్వామి చూపు గోడకు వ్రేలాడు రాగిగొట్టపు చుట్టపై నిలిచెను. అది సాయంకాలపుటెండవలె ధగధగలాడుచుండెను. చేతితోనే వంగునంత మెత్తనిది.

"గీ రాగిది ఇయ్యి సేటు. మా అవ్వ జమానాల అందరు రాగిచెంబు నీళ్లే తాగిన్రు" అనెను.

"నీళ్లకు రాగి బహుత్‌ అచ్ఛా, గౌడ్‌ సాబ్‌. గని ఒక్క మాట చెప్పు. ఇంట్ల రాగిబిందె మెరవాలంటె దేంతోని తోముతరు?"

"చింతపండుతోని."

"బిందె మీది నల్లమసి ఎటు పోయింది మరి? చింతపండుల కలిసింది. నీ నీరా జరంత పులిసిందంటె అదీ చింతపండే. గొట్టం లోపల్నె తోముకుంట వస్తది. ఆ మసే గిలాసల దిగుతది, దాన్నే నువ్వు మందికి తాపిస్తవ్‌."

వీరస్వామి రాగివంక మఱియొకమాఱు చూచి ముఖము ద్రిప్పుకొనెను. అధికలాభము దెచ్చు సరకును స్వయముగా వలదన్న వర్తకుని యెడల వాని మనస్సున గౌరవము పుట్టెను. అప్పుడు సేటు తుప్పెఱుగని ఉక్కుగొట్టమును దింపించి, మూడు సూతులది, అనగా అంగుళమున మూడెనిమిదవ పాళ్ల లావుది, యెన్నుకొనుమనియు, అంతకంటె లావైనచో నీరా చల్లబడకమునుపే జాఱిపోవుననియు, సన్ననిదైనచో గిరాకి గ్లాసు పట్టుకొని నిలుచుండగా బస్సు వెడలిపోవుననియు, ముప్పది యడుగులు చాలుననియు వివరించెను. క్యానును గొట్టమును గలుపు పొట్టి తునుకలకై పాలడెయిరీలలో వాడు మెత్తని తెల్లగొట్టమును, ఇత్తడి వలదని ఉక్కునల్లాను కట్టియిచ్చి, మెట్లు దిగువానిని మరల బిలిచి "మంచు ఒక్కటే పొయ్యకు. నీళ్లు గుడ పొయ్యి. గడ్డ గొట్టానికి ఒక్క దిక్కే తాకుతది, నీళ్లు చుట్టూ తాకుతయ్‌" అని చెప్పెను.

ఉక్కు రాగివలె మాట వినునది కాదు. బలిమిని వంచినచో నొక్కుపడి మూసికొనిపోవును. వీరస్వామి రెండు దినములాలోచించి, గొట్టమునిండ జల్లెడపట్టిన సన్నని యిసుక గూరి, రెండు కొనలకు కొయ్యబిరడాలు దిగగొట్టి, గాలివానకు విరిగి రొమ్మెత్తున నిలిచియున్న యొక సన్నని తాటిమొద్దును సాధనముగా నెన్నుకొనెను. కొనను మొద్దునకు బంధించి, రెండవకొనకు మోకు తగిలించి, దానిని నడుమునకు జుట్టుకొని, చెట్టునెక్కునప్పటివలె వెనుకకు వ్రాలి, అడుగులో నడుగు వేయుచు మొద్దుచుట్టు ప్రదక్షిణము చేయసాగెను. వాని భార్య బాలమణి చుట్టు చుట్టునకు గొట్టమును క్రిందికి సర్దుచుండెను.

"మోకాళ్లు నొస్తున్నయని చెట్టు దిగినవ్‌. ఇగ మొద్దు చుట్టు గానుగెద్దు లెక్క తిరుగుతున్నవ్‌" అని యామె నవ్వెను.

"గానుగెద్దుకు గంతలు కడ్తరు. నాకు నువ్వు ఎదురుంగనే ఉంటివి" అని యతడు రొప్పుచు బదులు పలికెను.

పొద్దు నడినెత్తి కెక్కునప్పటికి ముప్పదియడుగుల యుక్కు ఒక్క నొక్కైనను లేక తొమ్మిది చుట్లు దిరిగి వేణువువలె నున్ననై నిలిచెను. బిరడాలు దీసి యిసుక రాల్చి చుట్టను పైకెత్తి మొద్దునుండి తప్పించినప్పుడు, ఏ కార్ఖానాలోను వంపబడని యా వంపులోని సొగసును జూచి బాలమణి వేళాకోళము మఱచెను. దశాబ్దములుగా దేహమును భూమ్యాకాశముల నడుమ నిలిపిన నడుము, నేడు నేలమీదనే తన నేర్పును జూపెను.

ఐనను నేర్చిన చేయియే మోసము చేయుట గలదు. క్రొత్తకుండను చెట్టునకు గట్టుటకు మునుపు నిన్నటి కల్లు రవంత పోసి కుండయంతయు దిప్పి పాఱబోయుట గీతవారి యాచారము. దానిని వారు పదును పట్టించుట యందురు. పరీక్షకు ముందునాటి మాపటివేళ వీరస్వామి, తండ్రి నేర్పిన యా మర్యాదను నూతన పరికరమునకు జరపక యుండలేక, ఎవరితోను జెప్పక, క్యానులోను గొట్టములోను కడివెడు పాతకల్లు ద్రిప్పి పాఱబోసి, చన్నీట నొక్కమాఱు తొలిచి యుంచెను. కుండకు మేలుచేయు నా కిణ్వమే నీరాకు శత్రువని యా క్షణమున వానికి స్ఫురింపలేదు.

మఱునాడు తెల్లవాఱి దింపిన నీరాను వడగట్టి క్యానులో నింపిరి. పదిగంటలు కావచ్చుచుండగా బస్సాగు చోట పందిరిక్రింద వీరస్వామి యలవాటు చొప్పున క్యానునకు చెవి యానించి యులికిపడెను. లోపల సన్నని గుసగుస. పులియుచున్న కుండ చేయు శబ్దమది. నల్లా విప్పి గుక్కెడు నోటబోసికొనెను. తీపి చివర నాలుకను గిల్లిన పులుపు. అంతలో ఆబ్కారీ జీపు వచ్చి నిలిచెను.

బాలమణి గొంతు దించి "పెట్టె నిండ ఇంకింత మంచు పొయ్యి. సల్లగుంటె నాలుక మొద్దుబారుతది. ఆమెకేం ఎర్కైతది?" అనెను.

నిజమే. ఇంకొక బుట్టెడు మంచు చాలును. అనుమతిపత్రము చేతికందునంత దూరమున నుండెను. వీరస్వామి మంచుబుట్టపై చేయి వైచి, యొక్కక్షణ మట్లే యుండి, చేయి దీసికొనెను. గ్లాసునకై చేయి చాచిన అధికారిణి ప్రమీలతో మెల్లగా "తాగకుండ్రి మేడమ్‌. ఇది నీరా కాదు, కల్లు. నా చేతుల్నె చెడింది. పదును పట్టిచ్చిన" అని జరిగినదంతయు జెప్పెను.

ఆమె చాచిన చేతిని దించెను. "కల్లు పోసి నీరా అని ఒట్టు పెట్టినోళ్లను మస్తు మందిని చూసిన. నీరా అని పోసి కల్లు అన్నోన్ని నిన్నే చూస్తున్న. రేపు మాపటికి నా రిపోర్టు పోవాలె. రేపు పదింటికి మళ్లొస్త. అదే ఆఖరు" అని చెప్పి జీపెక్కెను.

ఆ పగలంతయు దంపతులు కాగులకొలది నీరు మరగించి గొట్టముగుండ బోసిరి. సున్నపుతేట పోసి నిలిపి, మరల సలసల మరగు నీట గడిగిరి. కొనయందు ముక్కు పెట్టి వాసన చూచుట బాలమణి వంతు. ఉక్కు మూడవ కడుగునకే కడిగిన ముత్యమయ్యెను. తెల్లగొట్టపు తునుకలు మాత్రము ఎన్ని కడిగినను పులుపును విడువకుండెను. వీరస్వామి వానిని కోసి పాఱవైచి, గ్రామపు పాలకేంద్రమున మూరెడు క్రొత్తగొట్టము నడిగి తెచ్చి, మరగినీట ముంచి బిగించెను.

"కుండకైతె మీ నాయిన చెప్పిండు. దీనికి చెప్పెటందుకు ఎవ్వలు లేకుండిరి" అని బాలమణి యోదార్చెను.

"సేటు అన్ని చెప్పిండు. నేను కల్లు పోస్తనని ఆయనేం కలగన్నడా" అని యతడు నవ్వెను.

మఱునాడు పదిగంటలకు ఎండ నిప్పులు చెఱుగుచుండగా ప్రమీల వచ్చి గ్లాసు నందుకొనెను. గ్లాసు వెలుపల చెమట పట్టెను. ఆమె యొక గుక్క త్రాగి నిలిచి, మఱియొక గుక్క త్రాగి, ఆపై గ్లాసంతయు ముగించెను.

"రేపు గుడ ఇట్లనే ఉంటదా?" అని యామె యడిగెను.

"రేపటి సంగతి నాకెట్ల తెలుస్తది మేడమ్‌. ఇయ్యాల మాపటికి ఎట్ల కడిగితే రేపు అట్లుంటది."

ఆమె కాగితమును జీపు మూతపై బఱచి సంతకము చేసెను.

సరియైన పనిముట్టు నెన్నుకొనుట మంచి విద్య. ఎన్నుకొనిన పనిముట్టు కోరునట్లు తన చేతిని మార్చుకొనుట యంతకంటె గొప్ప విద్య. ముప్పదియైదేండ్ల యలవాటును ఒక్క పగటిలో గడిగివేయగలిగిన వాడు రాయినిగూడెమున నొకడుండెను. నాటి కడపటి బస్సు వెడలి పందిరి నిర్మానుష్యమైనపుడు అతడు అనుమతిపత్రమును మఱియొకమాఱు చదువుకొనుటకైనను గూర్చుండక మూడురాళ్ల పొయ్యి రాజేసి కాగుతో నీళ్లు పెట్టెను. కొంతసేపటికి పెట్టెలోని తొమ్మిది చుట్ల చివరనుండి తెల్లని యావిరి, పులుపుగాని తీపిగాని లేని యుత్త నీటివాసనతో, వైశాఖపు సంధ్యలోనికి మెల్లగా లేచిపోవుచుండెను.