మెడలు కోసేవాళ్ల గుంపు

మెడలు కోసేవాళ్లం మేము. చేతులు తీసేవాళ్లం, భుజాలు దించేవాళ్లం, నడుములు బిగించేవాళ్లం. ఈ మాటలు లేకుండా పని చేసే దర్జీని ఒక్కరిని చూపించండి, నా కత్తెర వాళ్లకిచ్చేస్తాను!

మా ముందుగదిలో రెండు కుట్టుమిషన్లున్నాయి. ఒకటి నాది, ఒకటి మా తోడికోడలిది. నాకు నోరెక్కువ, దానికి పనెక్కువ. కుట్టిన ప్రతి గౌనూ ఫొటో తీసి యాప్‌లో పెడుతుంది. దాని గిరాకీ అంతా అక్కణ్ణుంచే వస్తుంది. అదే యాప్‌లో దర్జీలందరికీ ఒక గుంపుంది. అక్కడ ఎవరైనా తిట్టుకుంటే సర్దిచెప్పే పని మా కొందరిది. ఆ తిట్టేవాళ్లలో నేనూ ఉంటాననుకోండి, అది వేరే సంగతి.

ఉన్నట్టుండి యాప్ యాజమాన్యం మమ్మల్ని ఆ పనిలోంచి తీసేసింది. ఇకపై కాపలా పని యంత్రం చూసుకుంటుందని ఒక ముక్క రాసి పారేశారు. ఆ యంత్రానికి అందరికంటే ముందు చిక్కింది మా తోడికోడలే. "మెడ మరీ లోతుగా కోసేశాను. చేతులు కూడా తీసేయనా?" అని గుంపులో అడిగింది. అంతే! హింసట! ఖాతా మూసేశారు.

అది మిషను ముందు కొయ్యబారిపోయి కూచుంది. "అక్కా, ఇన్నేళ్ల ఫొటోలూ అందులోనే ఉన్నాయి. మళ్లీ మొదట్నుంచీ నన్ను నమ్మి గుడ్డ ఎవరిస్తారు?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అర్జీ పెడితే దానికీ యంత్రమే జవాబిచ్చింది.

సరే, చూద్దాం వీళ్ల సంగతి అనుకుని గుంపులో ఒక్కొక్కరికీ కబురు పెట్టాను. రేపు ఎవరూ మాట మింగొద్దు, మన పని మాటలే రాయండి అన్నాను. తెల్లారేసరికి మొదలైంది. "పొద్దున్నే మెడ కోశాను." "పెళ్లికూతురి భుజాలు దించేశాను." రాసినవాళ్లను రాసినట్టే మూసేస్తూ పోయింది యంత్రం. వడ్రంగుల గుంపు "కుర్చీ కాళ్లు నరికాం" అని అందుకుంది. మెకానిక్కులు "బ్యాటరీ చచ్చింది" అన్నారు. బేరానికి ఒక ఖాతా మిగలాలి కాబట్టి నేను మాత్రం ఏమీ రాయలేదు. నోరు కట్టుకుని కూచోవడం నా జన్మలో అదే మొదలు.

మధ్యాహ్నానికి గుంపులన్నీ బోసిపోయాయి. యాజమాన్యం తరఫున ఒకాయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. "మీ తోడికోడలిగారి ఖాతా ఇప్పుడే తెరిపిస్తానండీ. మీరు ఈ గొడవ ఆపించండి."

అబద్ధమెందుకు, ఒప్పేసుకుందామనే అనిపించింది నాకు. ఫోను దాని చేతికిచ్చాను. చదివింది. జవాబు విడిగా పెట్టలేదు, నా ఖాతాలోంచే గుంపులో అందరి ముందూ రాసింది. "నా కోసం రాసి వీళ్లంతా పోగొట్టుకున్నారు. నాదొక్కటే తెరిస్తే నాకొద్దండీ. ముందు ఆ యంత్రాన్ని ఆపండి."

"అబ్బబ్బ, మీతో నాకు చచ్చే చావొచ్చిందండీ!" అని ఆయనా గుంపులోనే రాశాడు.

రాసిన మరుక్షణం ఆయన పేరు మాయమైంది. హింస కారణంగా ఈ ఖాతా మూసివేయబడింది అని వచ్చింది. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. "యంత్రాన్ని ఆపేశామమ్మా. గుంపు మళ్లీ మీ చేతికే ఇస్తున్నాం. మూసిన ఖాతాలన్నీ ఒక్కొక్కటే తెరవాలి. అందులో నాదీ ఉంది, అది కాస్త ముందు..." అని నసిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా తోడికోడలు ఫోను లాక్కుంది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి!

"ఎవరిది ముందు మూశారో వాళ్లది ముందు తెరవండి. మీరు చివర్న ఉన్నారు" అంది.

"అలాగేనమ్మా" అన్నాడాయన.

ఆ వరసలో మొదటి ఖాతా దానిదే.