వంచిన తల ఎత్తులో

"ఇయ్యాల ఎవులో ఒకలు ఈ అద్దానికి బుర్ర గుద్దీసుకుంతారు ఎల్లారావా. నాకు బయ్యంగా ఉంది."

నూకాలు తడిగుడ్డ పిండుతూ అంది. గాజువాక మెయిన్‌రోడ్డు మీద బ్యాంకు కొత్త భవనానికి ముందుగోడంతా అద్దమే. ఎక్కడ గోడో ఎక్కడ తలుపో దగ్గరికొచ్చి తడిమితే తప్ప తెలియదు. పైగా ఈరోజు బ్యాంకు వార్షికోత్సవం. అద్దం ఉందో లేదో తెలియనంత శుభ్రంగా ఉండాలని మేనేజరు ఉదయ్‌కుమార్ హుకుం.

వాచ్‌మన్ ఎల్లారావు స్టూలు మీంచి లేవకుండానే నవ్వాడు. "మొన్న ఏసీ పేలిపోద్దన్నావు. ఆ ముందర లిఫ్టులో అందరం ఊపిరాడక సచ్చిపోతామన్నావు. నీ నోటంట ఇంకా ఎందరు పోవాల వదినా?"

నూకాలు మళ్లీ గుడ్డ అందుకుంది. ఫినాయిలుకీ యాసిడ్‌కీ నాని నాని ఆమె వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి ఉన్నాయి. గుమ్మం పక్క పూలకుండీలో ఎవరో డైరెక్టరు నిన్న ఉమ్మిన ఖైనీ, ఎండి గోధుమరంగు చారికలు కట్టింది. దాన్ని రేకుముక్కతో గీకింది. చేతి గడియారం చూస్తే బంగారం, నోరు చూస్తే ఇది.

గుడ్డ పక్కన పెట్టి, కొంగుముడిలోంచి కుంకుమ పొట్లం తీసి, మనిషి కళ్లకు ఎదురయ్యే ఎత్తులో అద్దానికి ఒక బొట్టు పెట్టింది. ఈ భవనానికి గడప లేదు. గడపే లేకపోతే పసుపు ఎక్కడ రాయాలి? లోపలికొచ్చేవాడికి ఇక్కడొక గుమ్మం ఉందని ఎలా తెలియాలి?

ఉదయ్‌కుమార్ కారు దిగుతూనే చూశాడు. "ఇదేమన్నా గుడా అమ్మా? చైర్మన్‌గారు వచ్చే టైమైంది. తుడిచెయ్యండి."

అలాగే సార్ అని తుడిచేసింది. నూకాలును ఈ పనిలో పెట్టిన ఏజెన్సీకి ఆయన ఒక్క ఫోను చేస్తే చాలు, రేపు రావద్దంటారు. కూతురు ధనశ్రీకి నర్సింగు కోర్సు ఆఖరి ఏడాది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నూకాలు నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది.

ఒకప్పుడు ఇది బ్యాంకు కాదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చేసిన ఊళ్లవాళ్లు పెట్టుకున్న పొదుపు సంఘం. నష్టపరిహారం సొమ్ము సారా కొట్లలో కరిగిపోతుంటే, సన్యాసిరాజు అనే రైతు ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ల చేత మొగుళ్లకు నచ్చజెప్పించి, మార్కెట్టు సందులో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. షెడ్డు తలుపు ఎంత పొట్టిదంటే ఎంతవాడైనా తల వంచి లోపలికి రావాల్సిందే. లోపల లక్ష్మి ఉంది కాబట్టి చెప్పులు బయట విడవాలి. కొత్త కోడలిగా నూకాలు అక్కడ ఊడవడానికి చేరినప్పుడు, ఆమెతో సమానంగా, సంఘానికి సెక్రెటరీ అయిన సన్యాసిరాజు కూడా చీపురు పట్టేవాడు. తర్వాత ఆటోనగర్‌లో బ్రాంచి, ఉక్కునగరంలో బ్రాంచి, భీమునిపట్నంలో బ్రాంచి. బ్యాంకు పెరిగిన కొద్దీ కుర్చీలు మెత్తబడ్డాయి, మనుషులు గట్టిపడ్డారు. చేపలమ్మే ఆడవాళ్లు వచ్చి వెళితే ఇప్పుడు కౌంటరు మీద సెంటు కొడుతున్నారు. ఆ సెంటు వాసనకే నూకాలుకు వాంతి వచ్చినట్టుంటుంది.

సన్మానానికని పిలిపించిన ముసలి సన్యాసిరాజు ఆటో దిగాడు. ఉతికిన తెల్లపంచె, నుదుటి మీద మూడు విభూతి రేఖలు. మెట్టు పక్కన తోలుచెప్పులు విడిచాడు. పాత అలవాటు కొద్దీ తల వంచి, వడివడిగా లోపలికి అడుగేశాడు.

అద్దం ఠప్పుమంది.

లోపల సోఫాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నూకాలు నీళ్లసీసాతో పరుగెత్తింది. దెబ్బ గట్టిగా తగిలిందా సెక్రెట్రీ బాబూ అని అడిగితే ఆయన నుదురు రుద్దుకుంటూ నవ్వాడు. "మన రేకుల షెడ్డనుకున్నానే నూకాలూ."

కానీ ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది. నూకాలు సీసా ఆయన చేతిలో పెట్టింది. మేనేజరు దగ్గరికి వెళ్లి, చేతులు కొంగుకు తుడుచుకుని, పెద్దాయన్ని డాట్రికి చూపించమని అడిగింది. ఫంక్షన్ అయ్యాక చూద్దాం, ముందు కప్పులు తియ్యండి అన్నాడతను. ఆయన్ని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పి, ఫోటో తీశారు.

కొత్త భవనం ఆకారంలోనే కేకు చేయించారు. డైరెక్టర్లు దాన్ని కోసి ఒకళ్ల చెంపలకొకళ్లు పూసుకున్నారు. కింద పడిన క్రీము బూట్ల కింద నలిగి తివాచీలోకి ఇంకింది. తర్వాత లైట్లు ఆర్పి బ్యాంకు చరిత్ర అని సినిమా వేశారు. అందులో చైర్మన్ కొబ్బరికాయ కొట్టాడు, చైర్మన్ మొక్క నాటాడు. రేకుల షెడ్డు కనురెప్ప పాటు కనబడి పోయింది.

లైట్లు వెలిగాక అందరూ బిర్యానీ వైపు కదిలారు. సన్యాసిరాజు కదల్లేదు. కునుకు పట్టిందేమోనని నూకాలు పెరుగన్నం పళ్లెంతో వెళ్లి వంగింది. శాలువా ఒక భుజం మీంచి జారి ఉంది. చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టుకున్న చెయ్యి తిరిగి పట్టుకోలేదు, అప్పటికే చల్లబడింది.

వంటపాత్రలు దింపే వెనకదారి గుండా ఆయన్ని స్టోరు గదిలోకి మోసుకెళ్లారు. అంబులెన్సును కూడా అటే రమ్మన్నారు. డిపాజిట్లు వేసేవాళ్లు చూస్తే బెదిరిపోతారట. మోసిన ఇద్దరూ తిరిగొచ్చి చేతులు కడుక్కుని మళ్లీ పళ్లేలు అందుకున్నారు. ఒకడు ఎముక చీకుతున్న చప్పుడు దూరంగా నిలబడ్డ నూకాలుకు కూడా వినబడింది.

"ఆయనకి ముందునుంచీ బీపీ ఉంది. ఎవరడిగినా అదే మాట," అన్నాడు ఉదయ్‌కుమార్. అందరికీ చెప్పి, చివర ఆమె వైపు తిరిగాడు. "ఆ అద్దం తుడవండి."

నూకాలు గుడ్డ తడిపి అద్దం దగ్గర నిలబడింది. అప్పుడే కబురంది సన్యాసిరాజు మనవరాలు శ్రీసత్య, ఆటోనగర్ షోరూమ్ యూనిఫారంలోనే, స్కూటీ మెట్లకు ఆనించి వచ్చింది. స్టోరు గదిలోకి వెళ్లింది. చాలాసేపటికి బయటికొచ్చి హాలు మధ్యలో ఆగింది. ఏడవలేదు.

"తాత నుదుటి మీద ఆ బొప్పి ఏటి?"

మేనేజరు బీపీ సంగతి చెప్పాడు. ఆ పిల్ల విని, మళ్లీ అదే అడిగింది. ఈసారి అతను ఫోను చూసుకున్నాడు. చైర్మన్ పళ్లెం చూసుకున్నాడు. ఎల్లారావు తన బూట్లు చూసుకున్నాడు.

నూకాలు చేతిలోని గుడ్డలోంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నాయి. ఏజెన్సీ ఫోను, ధనశ్రీ ఫీజు, అద్దె ఇల్లు, మళ్లీ ఎవరింట్లో అంట్లు తోమాలో, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఇన్నాళ్లూ రాబోయేవాటికి భయపడి ఏదో ఒకటి అంటూనే ఉంది. జరిగినదాని గురించి మాత్రం ఎన్నడూ నోరెత్తలేదు.

"అద్దానికి గుద్దుకున్నారు పాపా," అంది చివరికి. "తలొంచుకుని వచ్చారు. నాను సూసాను. డాట్రి కాడికి తీసుకెల్లమన్నాను, ఎవులూ ఎల్లలేదు. పొద్దున్న అక్కడ బొట్టెట్టాను. తుడిసీమన్నారు. ఇప్పుడిదీ తుడిసీమంతన్నారు."

గుడ్డ బకెట్లో వేసి ఆమె పక్కకు జరిగింది. ఆమె వెనక అద్దం మీద, వంచిన తల ఎత్తులో, మూడు విభూతి గీతలు.