అమోస్ వాటా ఎంత

డేల్ వెస్సెల్స్ అనే మనిషే లేకపోతే టోబీ వాళ్ళమ్మ ఈ రోజుకీ చర్చిలో లూషియస్ పక్కనే కూర్చునేది. ఇప్పుడు రెండు వరసలు వెనక్కి జరిగింది. ప్రార్థన అయ్యాక అందరికీ చెయ్యి కలుపుతూ వస్తుంది, అతని దగ్గరికి రాగానే చేతిసంచీలో తాళాలు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తాళాలు ఏడాదిన్నరగా దొరకడం లేదు.

వెస్సెల్స్ నార్త్ ఫోర్క్ కాలేజీలో కుస్తీ కోచ్. నదికి పడమటి ఒడ్డున పుట్టినవాడు, తెల్లవాడు. లూషియస్ టాలివర్ తూర్పు ఒడ్డున పుట్టిన నల్లవాడు. ఒకే వయసు, ఒకే హైస్కూలు, కుస్తీలో ఒకే బరువు. పదకొండో తరగతిలో తండ్రి నడుం విరిగితే లూషియస్ బడి మానేసి టైర్ల షాపులో చేరాడు. వెస్సెల్స్ కాలేజీకి పోయాడు. దాని గురించి లూషియస్ ఎవర్నీ ఏమీ అనడు. అనడానికి వేరేవి చాలా ఉన్నాయి.

మూతబడిన ఫర్నిచర్ షాపు ఒకటి చర్చి చేతికొస్తే, అందులో లూషియస్ సాయంత్రాలు పిల్లలకి కుస్తీ నేర్పుతున్నాడు. గది నిండా పరుచుకున్న రబ్బరు మ్యాట్ వెస్సెల్స్ పంపిందే. కాలేజీ కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని ఏడు చుట్టలుగా ట్రక్కులో వేసి పంపించాడు. "నీదే అనుకో, లూషియస్" అన్నాడు. కాగితం లేదు, కలుపుకున్న చేతులే. మధ్యలో కాలేజీ పేరు ఇంకా కనబడుతూనే ఉంటుంది, పిల్లల మోకాళ్ళకి సగం చెరిగి.

దానికి బదులు వెస్సెల్స్ ఏమీ అడగలేదు. కాకపోతే, జట్టులోకి ఎవరో కుర్రవాడి కోసం నది దాటి వచ్చినప్పుడల్లా లూషియస్‌ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఒక్కడే వెళ్ళి తలుపు కొడితే తూర్పు ఒడ్డున ఎవరూ తియ్యరని కాదు. తీస్తారు, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడతారు. పక్కన లూషియస్ ఉంటే లోపలికి పిలిచి భోజనం పెడతారు.

టోబీ వాళ్ళింట్లోనూ అలాగే పెట్టారు. తింటూ తింటూ వెస్సెల్స్, "డబ్బు సంగతి మాకొదిలెయ్యండమ్మా, పిల్లాణ్ణి మేం చూసుకుంటాం" అన్నాడు. తూర్పు ఒడ్డున జనానికి తెలిసింది ఫుట్‌బాల్. ఫుట్‌బాల్‌కి తీసుకెళ్ళిన కుర్రవాడికి చదువూ తిండీ పడకా అన్నీ కాలేజీవే. ఆ వీధిలోంచి అలా వెళ్ళినవాళ్ళు నలుగురున్నారు. కుస్తీ కూడా అంతే అనుకున్నారు. తొమ్మిది మందికి సరిపోయే డబ్బును ముప్ఫై నాలుగు మందికి పంచుతారని, ఎవరికెంతో కోచ్ ఒక్కడే తేలుస్తాడని అక్కడ ఎవరికి తెలుసు. ఆ గదిలోంచి కాలేజీకి వెళ్ళిన మొదటివాడు టోబీ. కాలేజీ బిల్లు వచ్చాకే లూషియస్‌కీ తెలిసింది. టోబీని ఆ చలికాలమంతా పెద్దవాళ్ళు సాధన చెయ్యడానికి గోనెసంచిలా వాడుకున్నారు. ఒక్క పోటీకీ దింపలేదు. క్రిస్మస్‌కి వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. బిల్లు మాత్రం వాళ్ళమ్మ నెలనెలా కడుతోంది. టోబీ ఇప్పుడు లూషియస్‌తో పాటు టైర్లు మారుస్తున్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో వెస్సెల్స్ ఫోన్ చేశాడు.

"గెయిన్స్ వాళ్ళబ్బాయి అమోస్. రాష్ట్రపోటీల్లో రెండోవాడిగా వచ్చాడు కదా. నాకు కావాలి."

"మీకు ముందే ఉన్నారుగా కోచ్, ఆ బరువుకి."

"ఉన్నారులే. మా ప్రెసిడెంటు జట్టు ఫోటో చూసి, 'ఏంటయ్యా ఇది, ముప్ఫై నలుగురూ ఒకటే రంగు' అన్నాడు. ఈసారి గట్టిగా పట్టుబట్టాడు."

"అయితే అమోస్ కుస్తీకా, ఫోటోకా?"

"రెంటికీ. నీ దగ్గర అబద్ధమెందుకు."

లూషియస్ ఫోన్ పెట్టేసి, పైకెత్తిన కారు చక్రానికి నట్లు బిగించసాగాడు. పక్క చక్రం దగ్గరున్న టోబీ తల ఎత్తలేదు.

"వెళ్తున్నావా బాబాయ్?"

"వెళ్తున్నా."

"మ్యాట్ కోసమా?"

"అమోస్ కోసం."

టోబీ ఇంకో నట్టు బిగించాడు. తర్వాత, "అయితే మ్యాట్ ముందే చుట్టి పెట్టుకో" అన్నాడు.

ఆ మాట లూషియస్‌కి ముల్లులా దిగింది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. కింద సిమెంటు. తెల్లవాళ్ళ క్లబ్బుల్లో నెలకి కట్టే డబ్బు ఈ పిల్లల ఇళ్ళల్లో కిరాణా ఖర్చు. మ్యాట్ పోతే వాళ్ళని ఎక్కడ పడేసి ఎక్కడ లేపుతాడు. అటు చూస్తే అమోస్. అయిదో ఏట వచ్చాడు, బూట్ల తాడు కూడా లూషియస్ కట్టాల్సొచ్చేది. ఆ రెండూ తూకం వేసుకుంటూనే మిగతా నట్లన్నీ బిగించాడు.

అమోస్ తల్లి వర్నీటా గెయిన్స్ సిటీ బస్సు నడుపుతుంది. ఆదివారం సాయంత్రం ఆమె ఇంట్లో వేయించిన చేప, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. బల్ల చివర నిమ్మకాయ కేకు, గుండ్రంగా, మీద చక్కెర పూత. వెస్సెల్స్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. తినడంలో వంక పెట్టడానికేం లేదు, మర్యాదగా తింటాడు.

"మీ చేతి చేప తింటే అమోస్ బరువు ఎలా దిగుతున్నాడో అర్థం కావట్లేదమ్మా."

"వాడికి పెడితే కదా. సీజనంతా ఎండిన రొట్టె నములుతూ నావైపు దొంగచూపులు చూస్తాడు. ఇప్పుడు చూడండి, మూడో ముక్క."

"నాలుగోది" అన్నాడు అమోస్.

వెస్సెల్స్ నవ్వి సంచిలోంచి కాలేజీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. నున్నటి కాగితం. అట్ట మీద కుస్తీ దుస్తుల్లో నవ్వుతున్న నల్ల కుర్రవాడు. కింద పెద్ద అక్షరాల్లో 'ఇక్కడ అందరికీ చోటుంది' అని.

వర్నీటా కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఇంకోసారి చూసింది.

"ఈ పిల్లాడు మొన్న నా కారుకి టైరు మార్చాడు కదా."

అమోస్ నమలడం ఆపాడు.

"పాత ఫోటోలెండమ్మా" అన్నాడు వెస్సెల్స్. "అచ్చు వేసేది వేరే విభాగం, నా చేతుల్లో లేదు. అమోస్ సంగతి నా చేతుల్లో ఉంది. డబ్బు గురించి మీరేం దిగులు పెట్టుకోకండి, మేం చూసుకుంటాం."

ఏడాదిన్నరగా లూషియస్ చెవిలో మోగుతున్న మాట అదే. మాట తీరు కూడా మారలేదు, "మేం" దగ్గర అదే ఒత్తు. లూషియస్ లేచి కేకు పళ్ళెం బల్ల మధ్యకి జరిపాడు. కత్తి వెస్సెల్స్ వైపు పిడి ఉండేలా తిప్పాడు.

"కోచ్, ఈ కేకు మొత్తం కాలేజీలో ఒక సంవత్సరం ఖర్చనుకోండి. తిండి, గది, పుస్తకాలు, అన్నీ. అందులో మీరు అమోస్‌కిచ్చేది ఎంతో కోసి చూపించండి."

వెస్సెల్స్ నవ్వాడు. "లూషియస్ ఎప్పుడూ ఇంతేనమ్మా, మా బడి రోజుల నుంచీ."

"అన్నయ్య అడిగింది బాగానే ఉంది కదా" అంది వర్నీటా. "నేను బస్సు నడుపుకునేదాన్ని, అంకెలు చెబితే కళ్ళు తిరుగుతాయి. కేకయితే అర్థమవుతుంది. కొయ్యండి."

అంకెలకి ఆమె కళ్ళు ఎన్నడూ తిరగలేదని లూషియస్‌కి తెలుసు. చర్చి లెక్కలు చూసేది ఆమే.

వెస్సెల్స్ కత్తి అందుకున్నాడు. ఒకచోట పెట్టాడు, తీశాడు, ఇంకాస్త ఇవతల పెట్టాడు. చివరికి కోశాడు. అయిదో వంతు ఉంటుందేమో. ఎంత మెల్లిగా తీసి పళ్ళెంలో పెట్టినా ముక్క పక్కకి ఒరిగిపోయింది.

వర్నీటా ఆ ముక్కని చూసింది, మిగిలిన కేకుని చూసింది.

"ఇదెవరు కడతారు?"

"అప్పులిస్తారమ్మా, తేలిక వడ్డీకే. చాలామంది పిల్లలు అలాగే..."

"నాలుగేళ్ళకి ఇలాంటివి నాలుగు కేకులు. పైగా ఈ ముక్క వచ్చే ఏడాది కూడా ఉంటుందని ఎక్కడన్నా రాసుందా?"

"ప్రతి ఏడాదీ చూసి నిర్ణయిస్తాం. అందరికీ అంతే."

"అందరికీ కాదు" అన్నాడు అమోస్. పళ్ళెంలోకి చూస్తూనే అన్నాడు. "పడమటి ఒడ్డు కోల్ బ్రాంట్‌కి సగం ఇచ్చారు. నాలుగేళ్ళూ ఇస్తామని రాసిచ్చారు. వాడే చూపించాడు. నా బరువే. ఈ ఏడాది వాణ్ణి రెండుసార్లు వెల్లకిలా పడేశా."

వెస్సెల్స్ ముఖం ఎర్రబడింది. "కోల్ వాళ్ళ నాన్న నా జట్టులో ఆడాడు. ఆ కుటుంబం నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. వాడి దగ్గర్నుంచి నాకు ఏమొస్తుందో తెలుసు. ఇందులో రంగు సంగతి తేకు బాబూ. మ్యాట్‌కి రంగు తెలీదు, నేనెప్పుడూ చెప్పేదే."

"మ్యాట్‌కి తెలీదు, డేల్" అన్నాడు లూషియస్. అతన్ని పేరుతో పిలిచి ముప్ఫై ఏళ్ళయింది. "కానీ కేకు కోసింది మ్యాట్ కాదుగా. నువ్వు."

వర్నీటా పళ్ళెంలో ఒరిగిన ముక్కని రేకు కాగితంలో చుట్టి వెస్సెల్స్ ముందు పెట్టింది.

"ఇది దారిలో తినండి. పెద్దది కొయ్యాలనిపించినప్పుడు మళ్ళీ రండి. కాగితం కూడా తెచ్చుకోండి. అప్పుడు ఇంకో కేకు చేస్తాను."

బయట ట్రక్కు దగ్గర వెస్సెల్స్ తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.

"నాకున్నది తొమ్మిదే లూషియస్. ఎవరికో ఒకరికి తగ్గించాల్సిందే."

"తగ్గించేటప్పుడు నది ఇవతలే ఎందుకు తగ్గుతుంది?"

"నువ్వు నా పక్కనుంటావనుకున్నా."

"నీ పక్కనే ఉన్నా. అందుకే నాకు బాగా కనబడింది."

వెస్సెల్స్ తలుపు తీశాడు. ఎక్కబోతూ ఆగి, "ఆ మ్యాట్ మా కాలేజీ సొత్తు, తెలుసుగా" అన్నాడు.

"తెలుసు."

"మీ పిల్లల్ని చూసి వదిలేశాను. నువ్వే చేజేతులా చేసుకున్నావు."

"లోపలికి వెళ్ళే ముందే చేసుకున్నాలే" అన్నాడు లూషియస్.

పది రోజులకి కాగితం వచ్చింది. అందులో సగం, నాలుగేళ్ళూ. ఫోటోలోకి వెస్సెల్స్‌కి మనిషి కావాలి, అమోస్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, పైగా ఇంకో కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారని వర్నీటా ఒక గాలివార్త వదిలింది. ఆమె కాగితం మూడుసార్లు చదివింది, ఒకచోట మాట మార్పించింది, అప్పుడు సంతకం పెట్టనిచ్చింది. మిగతా సగానికి అమోస్ వేసవంతా గోదాములో పని చేస్తానన్నాడు. "వెళ్ళాక కోల్ గాణ్ణి మూడోసారి పడేస్తా బాబాయ్, జట్టులో చోటు నాదే" అన్నాడు. "పడెయ్. గోనెసంచిలా మాత్రం నిలబడకు" అన్నాడు లూషియస్.

ఆ తర్వాతి మంగళవారం ట్రక్కు వచ్చింది. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు దిగారు. లూషియస్ అప్పటికే పిల్లలతో అతుకుల మీది టేపు ఊడదీయించి, మ్యాట్‌ని మందునీళ్ళతో తుడిపిస్తున్నాడు, రోజూ తుడిపించినట్టే, మూల నుంచి మూలకి.

"అక్కర్లేదు సార్" అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు. "ఎలాగూ గోదాములో పడేసేదే."

"మీ గోదాము మీ ఇష్టం. మా గదిలోంచి మాత్రం మురికిగా బయటికి పోదు."

ఆరేదాకా వాళ్ళు నిలబడ్డారు. ఏడు చుట్టలూ ఎక్కించుకుని వెళ్ళారు. గది ఒక్కసారిగా పెద్దదైపోయింది, మాటలు గోడలకి తగిలి తిరిగొస్తున్నాయి. ముప్ఫై ఎనిమిది మందీ సిమెంటు మీద బూట్లతో నిలబడి లూషియస్ వంక చూశారు. ఒకమ్మాయి, పదేళ్ళది, "ఇవాళ సెలవా?" అంది.

"సెలవెందుకు. ఇవాళ ఎవరూ కింద పడకూడదు, అంతే. కింద పడకుండా ఉండడం నేర్చుకోని వాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. మోకాళ్ళు వంచండి. చేతులు ముందుకి."

మోకాళ్ళు వంచారు. టోబీ షాపు నుంచి గ్రీజు చేతులతోనే వచ్చి, ఎవరూ చెప్పకుండానే చిన్నవాళ్ళ వరస పట్టుకున్నాడు. మర్నాడూ అలాగే. ఆ మర్నాడు చర్చి నేలమాళిగలోంచి పాత తివాచీ వచ్చింది, ఒక మూలకి సరిపోయింది. పిల్లలు వంతులేసుకుని ఆ మూలలోనే పడ్డారు, లేచారు.

టోబీ వాళ్ళమ్మ ఇంకా రెండు వరసల వెనకే కూర్చుంటోంది. లూషియస్ ఆమె జరిగొస్తుందని చూడడం మానేశాడు. ఆదివారం చర్చిలో కానుకల పళ్ళెం తన ముందుకొచ్చినప్పుడు కొత్త మ్యాట్ కోసం విడిగా ఒక కవరు వేస్తాడు. దాని మీద తను పోగొట్టుకున్నదెంతో రాస్తాడు, ఎవరన్నా అడిగితే నోటితోనూ చెబుతాడు, పంట పొలం పోయిన రైతులా: నలభై రెండడుగుల పొడవు, నలభై రెండడుగుల వెడల్పు, మొత్తం పదిహేడు వందల అరవై నాలుగు చదరపు అడుగులు.